తెల్లది కనబడితేనే

ఆదివారం పొద్దున భార్య వెర్నా వండి కంచంలో పెట్టిన పెరోగీలు పెట్టినవి పెట్టినట్టే చల్లారిపోయాయి. మైదాపొరల్లో బంగాళదుంపా చీజూ కూరి, వెన్నలో వేయించిన ఉల్లిపాయలు పైన జల్లి పెడితే నలభై ఏళ్ళ కాపురంలో ఓరెస్ట్ కూజిక్ ఏనాడూ ఒక్కటి మిగల్చలేదు. ఇవాళ ఒకదాన్ని ఫోర్కుతో అటూ ఇటూ దొర్లించి, లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మార్చి మూడో వారం వచ్చినా బయట మైనస్ ఇరవై రెండు. వీధిలో ప్రతి ఇంటి ముందూ హాల్డెన్ హరికేన్స్ ఐస్ హాకీ జట్టు పచ్చజెండా చలికి కొయ్యబారి వేలాడుతోంది.

"ఆట మధ్యాహ్నం రెండింటికి. ఇప్పట్నుంచే తిండి మానేస్తే మూడో పీరియడ్‌కి ఆ డబ్బాలోనే కళ్ళు తిరిగి పడతావు," అంది వెర్నా.

ఆమె అప్పటికే పచ్చ జెర్సీ వేసేసుకుంది. సీజన్ చివర మేటి జట్లు ఆడే ప్లేఆఫ్‌లు మొదలైన రోజునుంచీ దాన్ని ఉతకలేదు. ఉతికితే జట్టు ఓడిపోతుందని ఆమె నమ్మకం, నాలుగో ఆటకల్లా ఆమె పక్కన కూర్చోవడమే ఒక పరీక్ష అయిందని స్నేహితురాళ్ళ గోల. ఓరెస్ట్ మాత్రం బూడిదరంగు కోటు వేసుకున్నాడు. అతనికి పచ్చ పనికిరాదు. అతను గోల్ జడ్జి.

గోల్ జడ్జి అంటే గోలుకు వెనక, అద్దానికి అవతల, టెలిఫోన్ బూత్ అంత డబ్బాలో కూర్చునే మనిషి. చేతిలో ఒక తీగ, తీగ చివర ఒక బటన్. పక్, అంటే ఆటలో కొట్టే నల్ల రబ్బరు బిళ్ళ, గోలు గీతను పూర్తిగా దాటితే నొక్కాలి. నొక్కితే పైన ఎర్రదీపం వెలుగుతుంది. పని అంతే, జీతం లేదు, విరామంలో ఒక కాఫీ ఇస్తారు. ఆ డబ్బాలో కూర్చున్నవాడు ఏ జట్టు రంగూ వేసుకోకూడదు, అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ఊరంతా గొంతు చించుకునే చోట నోటికి తాళం వేసుకుని కూర్చునేవాళ్ళు ఇద్దరే, అవతలి గోలు వెనక ఒకడు, ఇవతల ఓరెస్ట్. అదీ ఇరవై రెండేళ్ళుగా. "నీ వంతు కూడా నేనే అరుస్తాన్లే," అని వెర్నా మొదటి రోజే మాటిచ్చింది, ఇంతవరకూ తప్పలేదు.

అతనికి ముందు ఆ డబ్బాలో కూర్చున్నవాడు సొంత అన్న మెట్రో. చూపు తగ్గాక బటన్ తమ్ముడి చేతిలో పెట్టి ఒకే ఒక్క పాఠం చెప్పాడు. తెల్లది కనబడితేనే నొక్కు. గోలు గీత ఎరుపు, పక్ నలుపు. ఆ ఎరుపుకీ ఈ నలుపుకీ నడుమ తెల్లటి మంచు కనబడిందా, పక్ దాటినట్టు. కనబడలేదా, ఊరు ఊరంతా లేచి అరిచినా దాటనట్టే. మెట్రో పోయి ఎనిమిదేళ్ళయింది. అతని కొడుకు లైల్ ఇప్పుడు హరికేన్స్‌కి కెప్టెన్.

హరికేన్స్ అంటే తుపాన్లు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. గడిచిన మూడేళ్ళలో ఆ తుపాను గెలిచినవి మొత్తం ఏడు ఆటలు. ఆడేవాళ్ళకు జీతాలు లేవు. పగలు గోధుమ పొలాల్లోనో, ట్రాక్టర్ల షెడ్లలోనో ఒళ్ళు హూనం చేసుకుని, సాయంత్రం వచ్చి స్కేట్లు కట్టుకునే మగవాళ్ళు. పక్క ఊళ్ళవాళ్ళు హాల్డెన్‌తో ఆట ఉందంటే దాన్ని సెలవురోజు కింద లెక్కేసుకునేవారు.

ఈ జట్టు బాగుపడిందని అందరికన్నా ముందు తెలిసింది ఓరెస్ట్ బొటనవేలికే. ఆటకు ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు, ఒక్కోదానికి జట్లు పక్కలు మారతాయి. మొదటి పీరియడ్‌లోనూ మూడో పీరియడ్‌లోనూ హరికేన్స్ కాపాడుకునే గోలు అతని ముందుదే. నిరుడు ఆ రెండు పీరియడ్లలో ఐదారుసార్లు నొక్కేవాడు, మన గోల్‌కీపర్ వంగి వలలోంచి పక్ ఏరుకోవడం చూసేవాడు. ఈ ఏడు కూడా అక్టోబరులో మొదటి నాలుగాటలూ ఓడారు. ఐదో ఆట అయ్యాక కోటు తొడుక్కుంటూంటే గుర్తొచ్చింది, ఆ రెండు పీరియడ్లలో తను ఒక్కసారీ నొక్కలేదు. ఏదో కలిసొచ్చింది అనుకున్నాడు. మరుసటి వారమూ నొక్కలేదు.

అప్పటినుంచీ కళ్ళు చికిలించుకుని చూడటం మొదలుపెట్టాడు. బడిలో సైన్సు చెప్పడానికి ఆగస్టులో వచ్చిన నోయెల్ జెర్వే గోల్లో నిలబడుతున్నాడు, పాతవాడిలా ప్రతిదానికీ పొర్లడం లేదు. వెనక కాపలా కాసేవాళ్ళు పక్ దొరకగానే గుడ్డెద్దు చేలో పడ్డట్టు ముందుకు ఉరకడం మానేశారు, తలెత్తి చూసి పక్కవాడికి ఇస్తున్నారు. లైల్ ముప్పై మూడేళ్ళవాడు, ట్రాక్టర్ మెకానిక్, మోకాలికి రెండు ఆపరేషన్లు. అయినా ముందుకు ఎంత వేగంగా పోతున్నాడో వెనక్కీ అంత వేగంగా వస్తున్నాడు. జనవరికి మూడో స్థానం. ఫిబ్రవరికి ప్లేఆఫ్‌లు. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత ఫైనల్, కిర్బీ లేక్ జట్టుతో చెరి మూడు ఆటలు గెలిచి, ఇవాళ ఏడోది.

ఓడిపోయే జట్టును ప్రేమించడంలో ఒక సుఖముంది, పోయేదేమీ ఉండదు. గెలిచే జట్టు అలా కాదు. ఆశ పుట్టిన రోజే ఓరెస్ట్‌కు కంటిమీద కునుకు కరువైంది. అయితే ఊళ్ళో అందరికీ ఉన్న బెంగ అదే. అతనికి దానిమీద ఇంకొకటి ఉంది.

మూడు వారాల కిందట రోజ్‌వుడ్‌తో సెమీఫైనల్ చివరి ఆట, అదనపు సమయంలోకి వెళ్ళింది. ఎవరు ముందు గోలు కొడితే వాళ్ళదే ఆట. లైల్ కొట్టిన పక్ రోజ్‌వుడ్ గోల్‌కీపర్ కాలికి తగిలి గీత మీదికి జారింది, దాని మీద అతని గ్లవ్ పడింది. ఓరెస్ట్ కళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నాయి, బొటనవేలు నొక్కేసింది. అతను ఎరుపు చూశాడు. నలుపు చూశాడు. తెల్లది చూడలేదు.

రిఫరీ పిలాన్ ఆటగాళ్ళ మధ్య ఇరుక్కుపోయి ఏమీ చూడలేదు. ఈ లీగులో వీడియోలు లేవు. పిలాన్ అద్దం దగ్గరకు వచ్చి, "దాటిందా ఓరెస్ట్?" అని ఒక్క మాటే అడిగాడు. అతని వెనక తొమ్మిది వందల మంది అప్పటికే గాల్లోకి ఎగురుతున్నారు. వెర్నా ఎవరినో పట్టుకుని ఏడుస్తోంది. ఓరెస్ట్ "దాటింది" అన్నాడు. రోజ్‌వుడ్ గోల్‌కీపర్ మంచు మీద మోకాళ్ళమీదే ఉండి, తల అడ్డంగా తిప్పుతూ చాలాసేపు అతనివైపే చూశాడు.

అప్పటినుంచీ ఓరెస్ట్ బతుకు తేలు కుట్టిన దొంగ బతుకైంది. కాఫీ దుకాణంలో ఎవరైనా ఆ గోలు ఊసెత్తితే భుజాలు తడుముకుంటున్నాడు. వెర్నాతో చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, ఆమె జెర్సీ చూసి మూసేశాడు. ఇవాళ గెలిస్తే కప్పు మీద పేర్లు చెక్కిస్తారు. లైల్ పేరు మొదట ఉంటుంది, దాని కింద తన అబద్ధం కూడా ఎప్పటికీ చెరగకుండా ఉండిపోతుంది. ఈ జట్టు నిజంగానే ఇంత దూరం వచ్చిందా, తన వేలు తీసుకొచ్చిందా? ఓడిపోతే ఆ ప్రశ్న ఎవరికీ అక్కర్లేదు. కానీ ఓడిపోవాలని కోరుకోవడం అతని చేతకాలేదు. గెలవాలనే ఉంది, అన్నం తిననివ్వనంతగా ఉంది. సిగ్గేస్తున్నది అందుకే.

పన్నెండున్నరకే ఆటాడే మంచు రింక్‌కు వెళ్ళాడు. ఆర్డిస్ ఆస్ట్‌బీ మంచు నునుపు చేసే బండిని అప్పుడే షెడ్డులో పెట్టి దిగుతోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా ఆ రింక్‌కు తాళంచెవీ ఆమే, చీపురూ ఆమే. ఓరెస్ట్ దగ్గరకు వెళ్ళి, ఇవాళ తన బదులు ఆ డబ్బాలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టమన్నాడు. కళ్ళు సరిగా ఆనడం లేదన్నాడు.

ఆర్డిస్ చేతిగ్లవ్స్ ఊడదీసి అతన్ని ఎగాదిగా చూసింది. "నీ కళ్ళు ఆనకపోతే ఈ ఊళ్ళో ఇంకెవరివి ఆనతాయయ్యా? రోజ్‌వుడ్ వాళ్ళు లీగుకు ఫిర్యాదు రాసి, కవర్లో పెట్టి కూడా ఎందుకు పంపలేదో తెలుసా? డబ్బాలో ఉన్నది ఓరెస్ట్ అని తెలిసి. ఆయన చూశానన్నాడంటే చూసినట్టే అని చింపేశారట."

ఆ గోలు సంగతే, అని ఓరెస్ట్ మొదలుపెట్టాడు. ఆర్డిస్ చెయ్యి అడ్డం పెట్టేసింది. ప్లేఆఫ్‌లు నడుస్తుండగా జరిగిపోయిన గోలు గురించి మాట్లాడటం ఆ ఊళ్ళో అరిష్టం. గడ్డాలు గీయరు, జెర్సీలు ఉతకరు, కలిసొచ్చినదాని పేరెత్తరు.

"ఏమున్నా రేపు చెప్పు. ఇవాళ మాత్రం నోరెత్తావంటే బండితో తొక్కిస్తాను," అని ఆర్డిస్ అతని చేతిలో కాఫీ పెట్టి వెళ్ళిపోయింది.

రెండింటికి ఆట మొదలైంది. మొదటి పీరియడ్‌లో కిర్బీ లేక్ వాళ్ళు ఒకటి కొట్టారు. పక్ వల పైకప్పుకు తగిలింది, చిన్నపిల్లలకైనా కనబడే గోలు. ఓరెస్ట్ నొక్కాడు. రెండో పీరియడ్‌లో హరికేన్స్ అతనివైపు గోలుమీదికి వచ్చి సమం చేశారు. అదీ మూరెడు లోపలికి పోయింది. నొక్కాడు. వెర్నా గొంతు ఆ చివరినుంచి ఈ చివరికి వినబడింది. డబ్బాలో కూర్చుని తను మాత్రం బటన్ ఎడమచేతికి మార్చి, చెమటపట్టిన కుడిచేతిని తొడకు తుడుచుకున్నాడు.

మూడో పీరియడ్‌లో జెర్వే పద్నాలుగు ఆపాడు. ఓరెస్ట్ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. లైల్ మంచు మీద అడ్డంగా పడి రెండు షాట్లు ఒంటితో ఆపాడు, రెండోదానికి లేవడానికి కష్టపడ్డాడు. ఈ మూడు వారాలుగా ఎందుకో అలాగే ఆడుతున్నాడు, ఒంటిమీద తెలివి లేనట్టు. నిరుటి జట్టైతే ఈపాటికి ఐదు గోల్స్ తినేది. వీళ్ళు తినలేదు. ఒకటీ ఒకటీ, అదనపు సమయం.

పక్క మళ్ళీ మారింది. లైల్ ఒంటరిగా దూసుకొచ్చి ఓరెస్ట్ ముందున్న గోలుకు కొట్టాడు. పక్ గోలు స్తంభానికి ఠంగున తగిలింది, గీత మీద గిరగిరా తిరిగింది, కిర్బీ లేక్ గోల్‌కీపర్ దాన్ని బయటికి గెంటాడు. రింక్ రింకంతా లేచింది. ఎర్రదీపం వెలగలేదు. పైనుంచి ఎవరో నిద్రపోతున్నావా అని కేకేశారు, కాఫీ కప్పొకటి వచ్చి అద్దానికి తగిలింది. ఓరెస్ట్ బొటనవేలు బటన్‌కు వెంట్రుకవాసి పైన ఆగి ఉంది. తెల్లది లేదు. తెల్లది లేదు అని తనకు తానే పైకి చెప్పుకుంటున్నాడు. లైల్ తిరిగి వెళుతూ ఒక్క క్షణం అద్దంలోంచి అతన్ని చూశాడు. ఆ చూపులో కోపం లేదు, కానీ అదేమిటో కూడా ఓరెస్ట్‌కు అర్థం కాలేదు.

అలా ఆ ఇరవై నిమిషాలూ గడిచాయి. రెండో అదనపు సమయంలో హరికేన్స్ గోలు మళ్ళీ అతని ముందుకు వచ్చింది. పైన చిన్న కిటికీల్లోంచి ఎండ వాలిపోతోంది. జెర్వే వీపు, అతని నంబరు, వల తాళ్ళు, వాటి అవతల ఎర్రగీత. ఓరెస్ట్ ప్రపంచం అంతే.

ఏడో నిమిషంలో కిర్బీ లేక్ వాడొకడు నేలబారుగా కొట్టాడు. జెర్వే రెండు మోకాళ్ళూ కింద పెట్టాడు, పక్ అతని కాలికవచం కింద ఇరుక్కుంది. ఆపాడనుకుని జనం ఊపిరి వదిలారు. వెనకనుంచి చూస్తున్నవాడు ఓరెస్ట్ ఒక్కడే. కాలికవచం కిందనుంచి పక్ మెల్లగా, నత్తలా, వెనక్కి జారింది. ఎర్రగీత మీదికి వచ్చింది. గీత దాటింది. నలుపుకీ ఎరుపుకీ నడుమ తెల్లటి మంచు, చిటికెన వేలంత. మరుక్షణం జెర్వే తెలియక కాలు ముందుకు లాగాడు, దాంతోపాటు పక్ కూడా బయటికి వచ్చేసింది. లైల్ దాన్ని అందుకుని అవతలి గోలువైపు పరిగెత్తాడు. ముందు ఒక్కడు లేడు. జనం కుర్చీల్లోంచి లేచారు.

నొక్కకపోతే ఎవరికీ తెలియదు. పిలాన్ చూడలేదు, జెర్వేకే తెలియదు. ఇంకో నాలుగు సెకన్లలో లైల్ గోలు కొట్టేస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. మెట్రో కొడుకు చేతిలో కప్పు. ఇదంతా ఓరెస్ట్ తలలోకి ఒక్కసారే వచ్చింది. వేలు తనంతట అది కదలలేదు ఈసారి. అతనే నొక్కాడు.

దీపం వెలిగింది. పిలాన్ విజిల్ ఊదాడు. రింక్ మధ్యలో లైల్ ఆగిపోయి వెనక్కి తిరిగాడు. చేయి జారి నొక్కేశాడని అందరూ అనుకున్నారు, పైనుంచి నవ్వులు కూడా వినబడ్డాయి. పిలాన్ అద్దం దగ్గరకు వచ్చాడు. కెప్టెన్ గనక లైల్ అతని వెంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. గడ్డంనుంచి చెమట కారుతోంది.

"వేలు జారిందా, ఓరెస్ట్?" అన్నాడు పిలాన్. తప్పించుకునే దారి తనే చూపిస్తున్నాడు. అతనికీ అలసట వచ్చింది.

"జారలేదు. దాటింది."

"పూర్తిగా?"

"తెల్లది కనబడింది," అన్నాడు ఓరెస్ట్.

పిలాన్ లైల్ వంక చూశాడు. లైల్ తల దించుకున్నాడు. గోలైనట్టు పిలాన్ చేయి చాచి చూపించాడు. ఆట కిర్బీ లేక్‌ది.

తొమ్మిది వందల మంది ఒక్కసారిగా మాట పడిపోవడం ఓరెస్ట్ జన్మలో వినలేదు. కిర్బీ లేక్ వాళ్ళ కేకలు మాత్రం ఆ మౌనంలో చిన్నగా, దూరంగా వినబడ్డాయి. జెర్వే మోకాళ్ళమీద కూలబడి ముసుగు తీశాడు. మెట్లమీదనుంచి ఒక గొంతు, "నువ్వు ఏ ఊరివాడివిరా ముసలోడా?" అంది. ఇరవై రెండేళ్ళుగా అతని వంతు కూడా అరిచిన గొంతు ఈసారి ఏమీ అరవలేదు. అతను వెతికి చూశాడు. వెర్నా జెర్సీ రెండు చేతులతో పట్టుకుని నిలబడి, అతనివైపే చూస్తోంది. అప్పుడు తెలిసింది ఓరెస్ట్‌కు, ఈ జట్టు నిజంగానే బాగుపడింది. ఐదు పీరియడ్లు ఎవరి వేలి సాయమూ లేకుండా నిలబడ్డారు. ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి?

రెండు జట్లూ వరసకట్టి చేతులు కలుపుకున్నాయి. జనం తలలు దించుకుని తలుపులవైపు కదిలారు. అతను డబ్బాలోంచి లేవలేదు. లేస్తే వాళ్ళ మధ్యనుంచే నడవాలి.

లైల్ ఒక్కడే తిరిగి వచ్చాడు. డబ్బా పక్కన అద్దాల సందులో మొహం పెట్టి, కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"ఈసారి దాటింది, బాబాయ్," అన్నాడు.

ఆ మొదటి పదమే ఓరెస్ట్ చెవిలో ఉండిపోయింది. "నీకు తెలుసా?"

"ఆ రోజు కొట్టింది నేను. గ్లవ్ కింద ఎక్కడుందో నాకు కనబడదా?" లైల్ మొహం తుడుచుకున్నాడు. "నాన్న ఉండుంటే అక్కడికక్కడే నిలబెట్టి అడిగేవాడు. నువ్వు చెప్పలేదు, నేను చెప్పలేదు. అందరూ నన్ను భుజాలమీద మోశారు, మోయించుకున్నాను."

అయితే మూడు వారాలుగా షాట్లకు ఒళ్ళడ్డం పెట్టి ఆడింది ఇందుకా, అనుకున్నాడు ఓరెస్ట్. ఒకే నిప్పును ఇద్దరూ చెరో ఒడిలో దాచుకున్నారు.

"రేపు రోజ్‌వుడ్ వెళ్తాను. ఆ గోల్‌కీపర్ ఎక్కడుంటాడో తెలుసా?"

"రోడ్ల డిపోలో, దారులు చదునుచేసే గ్రేడర్ బండి నడుపుతాడు. నా ట్రక్కులో వెళ్దాం. చెప్పాల్సింది నువ్వొక్కడివే కాదు." లైల్ వెళ్ళబోయి ఆగాడు, పైకి చూసి, మళ్ళీ అతని చేతివంక చూశాడు. "ముందు ఆ బటన్ వదులు, బాబాయ్. అయిపోయింది."

ఓరెస్ట్ కిందికి చూసుకున్నాడు. బొటనవేలు తెల్లగా పాలిపోయి ఇంకా బటన్ మీదే ఉంది. ఖాళీ రింక్ మీద ఎర్రదీపం అప్పటినుంచీ వెలుగుతూనే ఉంది.